చోటు చూపిస్తనన్నడు

కమిషన్ ముందు మాట్లాడటానికి వచ్చినవాళ్లకు ముందుగా ఉప్మా పెట్టారు.

హనుమకొండలో ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకున్నారు. ముందురోజు అక్కడ ఎవరిదో పెళ్లయినట్టుంది. స్టేజీ వెనక బంతిపూల దండలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వాటి మీదనే ‘సత్యం - సాంత్వన’ అని పెద్ద బ్యానర్ కట్టారు. కుళ్లుతున్న పూల వాసనా, ఉప్మాలోని డాల్డా వాసనా కలిసి హాలంతా నిండాయి. అనసూర్య ప్లేటు కుర్చీ కింద పెట్టేసింది.

“జర తినక్కా. మనల్ని ఎప్పుడు పిలుస్తరో ఏమో,” అంది పక్కన కూర్చున్న సుల్తానా బేగం.

“నువ్వు తిను. నాకు పోతలేదు.”

మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి వాళ్ల దగ్గరికి వచ్చి వంగి మెల్లగా చెప్పింది. “అమ్మా, లోపల వీడియో తీస్తున్నరు. గట్టిగ ఏడవొద్దు. నిన్న ఒకామె ఏడ్సుడే ఏడ్సుడు, మిగిలినోళ్లకు టైం లేకుండ పోయింది. ఏం జరిగిందో క్లుప్తంగ చెప్పుండ్రి, సరేనా?”

ఆ పిల్ల మంచిగానే చెప్పింది. అయినా అనసూర్య ఆ ‘క్లుప్తంగ’ అనే మాట దగ్గరే ఆగిపోయింది.

వరంగల్ కొత్తవాడలో అనసూర్యది జంపఖానాలు నేసే ఇల్లు. తల్లిదండ్రులు తొందరగా పోతే, తమ్ముడు సాంబమూర్తిని ఆమే పెంచింది. పొద్దంతా మగ్గం మీద కూర్చునేవాడు, సాయంత్రం చేనేత కార్మికుల సంఘం ఆఫీసుకు పోయేవాడు. నూలు ధర పెరిగిన ఏడు మీటింగులు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. బాగా మాట్లాడేవాడు. ఆ మీటింగులకు మైకు తెచ్చేది నయీముద్దీన్. పోచమ్మమైదాన్ దగ్గర చిన్న మైక్‌సెట్ దుకాణం అతనిది. పెళ్లిళ్లకు, ఉర్సులకు, బతుకమ్మకు, సంఘం మీటింగులకు అందరికీ అతని మైకే. అతనికి సంఘంతో సంబంధం ఏమీ లేదు. సాంబమూర్తి స్నేహితుడు, అంతే.

తొంభైల మొదట్లో ఒక మధ్యాహ్నం ఇద్దరూ దుకాణంలో కూర్చుని పాత యాంప్లిఫయర్ బాగుచేస్తుంటే జీపు వచ్చి ఆగింది. నలుగురు దిగి ఇద్దరినీ ఎక్కించుకుని పోయారు. పక్కనున్న పండ్ల దుకాణంవాళ్లు, ఎదురుగా ఉన్న సైకిల్ దుకాణంవాళ్లు, అందరూ చూశారు. తర్వాత ఎవరినడిగినా మేం లోపలున్నామనో, ఆ రోజు దుకాణం తెరవలేదనో అన్నారు.

అనసూర్య, నయీముద్దీన్ భార్య సుల్తానా బేగం ఒకరినొకరు మొదటిసారి చూసింది పోలీస్ స్టేషన్ గేటు ముందరే. సుల్తానాకు అప్పుడు కొత్తగా నెల తప్పింది. ఇద్దరూ ఎండలో కూర్చున్నారు. లోపలినుంచి ఎస్సై పాండురంగం బయటికి వచ్చి, “వాళ్లను నిన్న సాయంత్రమే వదిలిపెట్టినం. అడవికి పోయిన్రు. ఇగ మీరే పట్టుకొచ్చి మాకు అప్పజెప్పాలె,” అని చెప్పి జీపెక్కాడు.

అట్లా వాళ్లిద్దరూ కాగితాల మీద పరారీలో ఉన్నవాళ్లయ్యారు. పరారీలో ఉన్నవాళ్ల కోసం పోలీసులు వెతకాలి కదా. పాండురంగం వెతకటానికి వచ్చేవాడు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నంలో లాఠీ పెట్టి తిప్పేవాడు, అందులో మనిషి దాక్కున్నట్టు. ఒకసారి మగ్గం ముందు నిలబడి పాన్ నములుతూ చుట్టూ చూసి, చేసి పెట్టుకున్న తెల్లటి పడుగు మీద ఉమ్మేసిపోయాడు. అనసూర్య ఆ పడుగంతా కోసి బయట పారేసింది. సుల్తానా ఇంటికి వెళ్లి, అప్పటికి పెద్దదైన ఆమె కడుపును లాఠీ కొసతో చూపించి, “ఆడు రాత్రిపూట రాకుంటే ఇదెట్ల వచ్చిందే?” అని అత్తమామల ముందు అడిగాడు. ఆ మాట విన్నాక అత్త చాలా రోజులు సుల్తానా చేతి నీళ్లు తాగలేదు.

అప్పుడు కడుపులో ఉన్న అఫ్సానా ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్. ప్రభుత్వం కమిషన్ వేసిందని, పాత కేసులన్నీ వింటారని పేపర్లో చదివి దరఖాస్తు పెట్టించింది ఆమే. పద్మలత అనే లాయరు కూడా సాయం చేసింది. “నిజం చెప్పటానికి ఒక చోటు దొరికింది పెద్దమ్మా,” అంది అఫ్సానా. అనసూర్య నమ్మింది. నమ్మి, మంచి చీర కట్టుకుని వచ్చింది.

అనసూర్య పేరే ముందు పిలిచారు. చైర్మన్ రిటైరైన జడ్జి. తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు.

“చెప్పండమ్మా.”

ఆమె నిలబడి చెప్పింది. జీపు సంగతి, గేటు సంగతి, అన్నంలో లాఠీ సంగతి. చైర్మన్ కళ్లజోడు పైకి అనుకుని అడిగాడు. “మీ తమ్ముడికి నిషేధిత పార్టీలతో సంబంధాలు ఉండేవా?”

“నూలు ధర గురించి మాట్లాడెటోడు సారు.”

“అది కాదమ్మా. అడిగినదానికి జవాబు చెప్పండి. సంబంధాలు ఉండేవా, లేవా?”

“మా ఇంట్ల మగ్గముండె. ఇంకేం లేకుండె.”

“ఆయన్ని తీసుకెళ్లటం మీరు కళ్లారా చూశారా?”

“నేను ఇంటికాడున్న.”

“అంటే చూడలేదు,” అన్నాడు చైర్మన్. టైపు చేస్తున్నతను ఆ ముక్క టైపు చేశాడు. ఆమె పడుగు మీద ఉమ్మిన సంగతి చెప్పినప్పుడు అతను చేతులు ఆపి, “ఉమ్మారు అని పెట్టాలా సార్?” అని అడిగాడు. చైర్మన్ కొంచెం నవ్వాడు. “వద్దులే. అది మన పరిధిలోకి రాదు,” అన్నాడు. తర్వాత అనసూర్య వైపు తిరిగి, “ఆ కాలమే అలాంటిదమ్మా. రెండువైపులా తప్పులు జరిగాయి. గాయాలు మాన్పుకోవాలి మనం,” అన్నాడు.

రెండువైపులా అంటే తాను ఏ వైపో ఆమెకు అర్థం కాలేదు. తాను ఎవరి అన్నంలో లాఠీ పెట్టిందో గుర్తుచేసుకోబోయినట్టు ఒక్క క్షణం నిలబడి, వచ్చి కూర్చుంది.

సుల్తానా బేగం చెప్పటం కూడా అయిపోయాక పాండురంగాన్ని పిలిచారు.

అనసూర్య అతన్ని చాలా ఏళ్ల తర్వాత చూసింది. డీఎస్పీగా రిటైరయ్యాడు. హసన్‌పర్తిలో పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. ముసలివాళ్ల ఆశ్రమం ఒకటి నడుపుతున్నాడు. స్కూళ్లలో జెండా ఎగరేయటానికి పిలిస్తే వెళ్తాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నుదుట విభూది. అతను దగ్గరికి రాగానే చైర్మన్ కుర్చీ చూపించాడు.

“కూర్చోండి పాండురంగం గారూ. షుగర్ ఎట్లా ఉంది ఇప్పుడు?”

“మీ దయ సార్. వాకింగ్ చేస్తున్న.”

ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ అతను వినయంగా, “గుర్తు లేదు సార్,” అన్నాడు. “రికార్డులో ఎట్లుంటే అట్లనే సార్,” అన్నాడు. ఎవరూ రెండోసారి అడగలేదు. చివర్న లేచి ఆడవాళ్లిద్దరి వైపు తిరిగి చేతులు జోడించాడు. “ఈ తల్లుల కన్నీళ్లు చూస్తాంటే నాకు గూడ కడుపు తరుక్కపోతాంది సార్.” కెమెరా అతని వైపు తిరిగింది. కమిషన్ సభ్యురాలొకామె కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. బగారన్నం, కోడికూర. ఫిర్యాదు చేసినవాళ్లు, ఎవరి మీద చేశారో వాళ్లు, కమిషన్‌వాళ్లు అందరికీ ఒకే బంతి. అనసూర్య ఏమీ ముట్టుకోలేదు. సుల్తానా చేయి కడుక్కోవటానికి లేస్తే తోడు వెళ్లింది. నల్లాల దగ్గర పాండురంగం పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు.

“అక్కా, మంచిగున్నవా?” అన్నాడు, చుట్టాలింట్లో కలిసినట్టు.

అనసూర్య సుల్తానా కోసం నల్లా తిప్పింది.

“నేను మీ ఇద్దరితోని మాట్లాడాల్నని చూస్తాన. కమిషన్‌ల సమ్మతి పత్రం అని ఒకటుంటది. నా మీద ఫిర్యాదు లేదని ఇద్దరు సంతకం పెట్టుండ్రి. ఫైలు మూసేస్తరు. మీకు నిమ్మళం, నాకు నిమ్మళం.” పంటి సందులోంచి వచ్చిన కోడిమాంసం పోగును పుల్ల కొసన చూసుకుని, పుల్లను కింద పారేశాడు. “సంతకం పెడితే చోటు నేను చూపిస్త.”

“ఏం చోటు?” అంది అనసూర్య.

“తెల్వనట్టు అడుగుతవేందక్కా.”

అప్పటిదాకా ఎవరూ వాళ్లు చనిపోయారని చెప్పలేదు. అన్నేళ్లలో ఒక్క పోలీసు కానీ, ఒక్క కాగితం కానీ ఆ మాట అనలేదు. పోయిన మనిషి పోయాడని మొదటిసారి చెప్పింది ఇతను, కోడికూర తిన్న నోటితో, నల్లా దగ్గర. సుల్తానా సింకు అంచు గట్టిగా పట్టుకుంది. అనసూర్య నల్లా కట్టేసింది. పాండురంగం చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, “ఫికర్ చేయకుండ్రి. ఆలోచించుకొని చెప్పుండ్రి,” అని వెళ్లిపోయాడు.

హాలు వరండాలో ఒక మూలకు వెళ్లి ఇద్దరూ నిలబడ్డారు.

“అక్కా, సంతకం పెడదాం,” అంది సుల్తానా.

“నీకేమన్న పిచ్చి లేసిందా? వానికి సంతకం పెడ్తవా?”

“వాని కోసం గాదు. మొగడు పోతె ఇల్లు కదలకుండ కూసునే ఇద్దత్ నేను కూసోలే అక్కా. ఎట్ల కూసోవాలె? మొగడు బతికున్నడో లేడో తెల్వకపాయె. నమాజ్‌ల కూసుంటే, ఆయన్ని సలామత్‌గ ఇంటికి తేమని అడగాల్నా, పోయినాయన పాపాలు మాఫ్ చేసి మగ్‌ఫిరత్ ఇయ్యమని అడగాల్నా తెల్వకపాయె. రెండూ అడుగుకుంట వచ్చిన. ఆయన్ని పెట్టిన ఖబర్ ఒక్కటి చూపిస్తె చాలు నాకు.”

“వాడు చంపిండని వాని నోటితోనే చెప్పిండు గద ఇప్పుడు. లోపలికి పోయి అదే చెప్పుదాం.”

“ఎవరు నమ్ముతరు?”

“జడ్జి ఉన్నడు. నమ్మకపోతే ఈ కమిషన్ ఎందుకు?”

సుల్తానా వద్దని చేయి పట్టుకుంది. అనసూర్య విడిపించుకుని లోపలికి నడిచింది. మధ్యాహ్నం విచారణ అప్పుడే మొదలవుతోంది. వేరే ఎవరినో పిలుస్తుంటే ఈమె మధ్యలో నిలబడి చెప్పింది. నల్లా దగ్గర పాండురంగం ఏమన్నాడో, ఏమడిగాడో, ఒక్క మాట తప్పకుండా చెప్పింది.

చైర్మన్ పాండురంగం వైపు చూశాడు. పాండురంగం లేచి, “అక్క మనసు బాధల ఉంది సార్. నేను ఓదార్చబోయిన. నేనట్లెందుకంట సార్?” అన్నాడు.

“ప్రమాణం చేసి చెప్పినదే మేం రికార్డు చేస్తాం,” అన్నాడు చైర్మన్. “బయట జరిగిన ముచ్చట్లు మా దృష్టికి రావు. మళ్లీ ఇట్లా మధ్యలో లేస్తే మిమ్మల్ని బయటికి పంపించాల్సి వస్తుందమ్మా. కూర్చోండి.”

పద్మలత లేచి అభ్యంతరం చెప్పింది. దాన్ని కూడా రికార్డు చేయలేదు.

బయటికి వచ్చేటప్పుడు పాండురంగం కారు దగ్గర నిలబడి ఉన్నాడు. వీళ్లను చూసి మొహం తిప్పుకున్నాడు. సుల్తానా అది చూసింది. రోడ్డు మీదికి వచ్చింది. అక్కడ ఆగి, “నీకు తమ్ముడు. నాకు మొగడు,” అంది. “నువ్వొక్కదానివే తెంపినవ్. నన్ను అడిగినవా?”

“సుల్తానా...”

“నా చేతి దాక వచ్చిందక్కా. నువ్వు గుంజి పారేసినవ్.”

ఆమె వేరే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అనసూర్య కొత్తవాడ దాకా ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంటికి రాగానే ఆ చీర విప్పి బకెట్‌లో నానబెట్టింది. దానికి బంతిపూల వాసన పట్టుకున్నట్టనిపించింది.

చాలా రోజులు సుల్తానా నుంచి ఫోన్ లేదు. అనసూర్య రెండు మూడు సార్లు చేస్తే అఫ్సానా ఎత్తి, “అమ్మ పండుకుంది పెద్దమ్మా,” అంది. తాను చేసింది తప్పా అని అనసూర్య ఎన్నోసార్లు ఆలోచించింది. తప్పని అనిపించలేదు. కానీ సుల్తానా అన్నది కూడా అబద్ధం అనిపించలేదు. పద్మలత మాత్రం ఒకటే మాట చెప్పింది. “ఎవరు ఏం చేసినా సరే, నువ్వు మాత్రం ఆ పత్రం మీద సంతకం పెట్టకు పిన్నీ.”

ఒక సాయంత్రం అఫ్సానా తనే ఫోన్ చేసింది.

“పెద్దమ్మా, అమ్మ పాండురంగం ఇంటికి పోయింది. నేను వద్దన్న, వినలే. సంతకం పెట్టింది. నీ సంతకం లేకున్న సరే అన్నడట. ఒక్కరన్న దొరికిన్రు గద. రేపు పొద్దున చూపిస్తడట. నిన్ను గూడ రమ్మంటాంది.”

“అమ్మ రమ్మన్నదా?”

“ఆమెనే అన్నది. ‘అక్క లేకుండ నేనెట్ల పోవాలె’ అన్నది.”

మరునాడు పొద్దున్నే ముగ్గురూ హసన్‌పర్తి బస్సు దిగి నడిచారు. సుల్తానా పలకరించలేదు కానీ అనసూర్య చేయి పట్టుకుంది. చెరువు దాటాక, ఒక ప్రైవేటు కాలేజీ హాస్టలు వెనక పాండురంగం ఎదురుచూస్తున్నాడు. వాకింగ్ నుంచి అటే వచ్చినట్టున్నాడు, కాళ్లకు బూట్లు, మెడలో తువ్వాల. హాస్టల్ మెస్ నుంచి వచ్చే మోరీ మురుగు గోడ కింది నుంచి బయటికి పారి, అక్కడి ఖాళీ జాగాలో మడుగు కట్టింది. అన్నం మెతుకులు, కూరగాయ తొక్కలు, ప్లాస్టిక్ కవర్లు తేలుతున్నాయి. రెండు పందులు ఆ బురదలో పడుకుని ఉన్నాయి.

“అప్పుడు ఇదంత తుమ్మలుండె,” అన్నాడు పాండురంగం, తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని. “అగో, ఆ కరెంటు స్తంభం ఉంది సూడు, దానికి ఇటుపక్క. ఒక్కటే గుంత. రెండు తవ్వుటానికి టైం లేకుండె.”

సుల్తానా పందుల వైపు చూస్తూ నిలబడింది. అఫ్సానా తల్లి భుజం పట్టుకుంది.

“ఏం చేసిన్రని?” అంది అనసూర్య. “వాళ్లు నీకేం చేసిన్రు?”

సంతకం అయిపోయిందన్న ధీమా అతని మొహంలో తెలుస్తూనే ఉంది. దాచటానికి ప్రయత్నించలేదు.

“మీ తమ్ముడు పెద్దగ ఏం చేయలేదక్కా. నిజం చెప్తాన. సంఘంల ఎవరెవరున్నరో చెప్తే వదిలిపెట్టెటోళ్లం. చెప్పలే. దెబ్బలకు ఆగలేకపోయిండు. బక్కమనిషి గద.” సుల్తానా వైపు చూడకుండా, “ఈమె మొగడు అది చూసిండు. చూసినంక ఎట్ల వదులుతం?” అన్నాడు.

“చూసినందుకా?” అంది సుల్తానా.

“ఆ టైం అట్లుండెనమ్మా.”

అతని ఫోన్ మోగింది. ఎత్తి మాట్లాడాడు. ఎవరిదో గృహప్రవేశం, ఎన్ని గంటలకు రావాలో అడుగుతున్నాడు. భోజనంలో తనకు స్వీట్ వద్దని, షుగరని చెబుతూ నవ్వుతున్నాడు. అనసూర్య గోడ దగ్గరికి వెళ్లి వాంతి చేసుకుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కాబట్టి పసరు తప్ప ఏమీ రాలేదు. పాండురంగం ఫోన్ పెట్టేసి, కారులోంచి నీళ్ల సీసా తెచ్చి ఆమెకు అందించబోయాడు.

“నీ నీళ్లు నాకొద్దు,” అంది అనసూర్య. “ఇది తవ్వాలె.”

“తవ్వుడు ముచ్చట లేదు. చూపిస్త అన్న, చూపించిన.”

“నేను సంతకం పెట్టలే,” అంది అనసూర్య. “సుల్తానా పెట్టింది, నేను పెట్టలే. నేను తవ్విపిస్త.”

పాండురంగం ఆమెను కాసేపు చూశాడు. అప్పటిదాకా ఉన్న మర్యాద అతని మొహంలోంచి జారిపోయింది. అప్పుడు కనపడింది పాత పాండురంగం. “చేసుకోపో,” అని కారెక్కాడు.

కారు వెళ్లిపోయాక సుల్తానా బురదకు కొంచెం ఎడంగా, శుభ్రంగా ఉన్న చోట కొంగు తల మీదికి లాక్కుని చేతులు పట్టింది. దువా అయ్యాక అనసూర్యతో, “నువ్వు అప్పుడు లేచి చెప్పకపోయుంటే నేను నీతోని గూడ సంతకం పెట్టిస్తుంటి,” అంది. కోపంగా అందో, మరోలా అందో అనసూర్యకు తెలియలేదు. ముగ్గురూ గోడ నీడలో చాలాసేపు కూర్చున్నారు.

పద్మలత హైకోర్టులో పిటిషన్ వేసింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోని కుటుంబం అడుగుతోంది కాబట్టి తవ్వి చూడమని కోర్టు చెప్పింది. తహసీల్దారు, పోలీసులు, డాక్టరు వచ్చారు. హాస్టల్ మేనేజరు వచ్చి, అడ్మిషన్ల టైములో ఇట్లా తవ్వితే తమ పేరు పోతుందని తహసీల్దారుతో గొడవపెట్టుకున్నాడు. పిల్లలు కిటికీల్లో నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు. కూలీలు మోరీ నీళ్లను పక్కకు మళ్లించి పారలతో తవ్వారు. ఆ నల్లటి మట్టి వాసనకు డాక్టరు కూడా మాస్కు మీద రుమాలు కట్టుకున్నాడు. అనసూర్య, సుల్తానా మాత్రం గుంత అంచు మీదనే నిలబడ్డారు. జరగమంటే జరగలేదు.

ఎముకలు దొరికాయి. ఇద్దరివీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఒకరి మీద ఒకరిని బోర్లా పడేసినట్టు ఉన్నారని డాక్టరు రాయించాడు. తెల్లసంచుల్లో కట్టి హైదరాబాదు ల్యాబ్‌కు పంపించారు. అనసూర్య రక్తం, అఫ్సానా రక్తం తీసుకున్నారు.

ల్యాబ్ జవాబు రాకముందే కమిషన్ రిపోర్టు వచ్చింది. పద్మలత దాన్ని చదివి వినిపించింది. ఇద్దరి గురించి ఒకే పేరా ఉంది. పరారీలో ఉన్న వ్యక్తుల అవశేషాలుగా భావించబడుతున్నవి లభించినవి, మరణ కారణం నిర్ధారించలేము, ఈ విషయంలో మానవతా దృక్పథంతో సహకరించిన విశ్రాంత అధికారిని కమిషన్ అభినందిస్తున్నది.

“మళ్లొక్కసారి చదువు,” అంది అనసూర్య.

పద్మలత చదివింది.

“ఇంక పరారీ అనే రాసిన్రా?”

“అవును పిన్నీ.”

“గుంతల పడుకొని పరారీ అయిన్రా?” అంది. పద్మలత రిపోర్టు మూసింది. ఆ రిపోర్టును ఇంట్లో ఉంచొద్దని, తీసుకుపొమ్మని అనసూర్య చెప్పింది.

ల్యాబ్‌వాళ్లు చివరికి రెండు అట్టపెట్టెలు ఇచ్చారు. ఒకటి సాంబమూర్తిది, ఒకటి నయీముద్దీన్‌ది. ఇంకా చిన్న చిన్న ముక్కలు ఎవరివో తేల్చలేకపోయామని వేరే పొట్లం కట్టారు. “ఇవి ఎవరు తీసుకుంటరు?” అని క్లర్కు టేబుల్ మీద నుంచి ముందుకు తోశాడు, కొట్లో మిగిలిన చిల్లర సరుకు తోసినట్టు. అనసూర్య, సుల్తానా ఒకరినొకరు చూసుకున్నారు. “ఆమెకియ్యి,” అంది అనసూర్య. “మట్టిల ఉంటయ్.” తమ్ముడిని ఆమె అదే రోజు శ్మశానంలో దహనం చేయించింది. నయీముద్దీన్‌ను, ఆ పొట్లాన్ని ఖబరస్తాన్‌లో పెట్టారు.

సుల్తానా ఇద్దత్ కూర్చుంటానంది. మౌల్వీ సాబ్ అవసరం లేదన్నాడు, ఇద్దత్ మనిషి పోయిన రోజు నుంచి లెక్క, ఆ గడువు ఎప్పుడో దాటిపోయిందన్నాడు. “మీకు లేదేమో, నాకుంది,” అని ఆమె గదిలో కూర్చుంది.

అందుకే పోలీస్ స్టేషన్‌కు అనసూర్య ఒక్కతే వెళ్లాల్సి వచ్చింది. కోర్టు చెప్పినందుకు కేసు పెట్టారు. కొత్త ఎస్సై చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పిస్తానన్నాడు. ఎఫ్ఐఆర్ చదివి వినిపించాడు. గుర్తు తెలియని వ్యక్తులు హత్య చేసినట్టు అందులో ఉంది.

“గుర్తు తెల్వకపోవుడేంది?” అంది అనసూర్య. “నాకు గుర్తే. పాండురంగం. ఇల్లు హసన్‌పర్తిల. పొద్దున వాకింగ్ చేస్తడు.”

“దర్యాప్తులో తేలుతది మేడం. ముందు సంతకం పెట్టుండ్రి.”

“పేరు పెట్టినంక పెడ్త.”

“మేడం, పెద్దమనిషి ఆయన. రెస్పెక్ట్ ఉన్నోడు. డైరెక్టుగ పేరు పెట్టాల్నంటే మాకు పైనుంచి...”

అనసూర్య లేచి బయటికి వచ్చి గేటు పక్కన నేల మీద కూర్చుంది. ఎస్సై కుర్చీ పంపించాడు, వద్దంది. గొడుగు పంపించాడు, వద్దంది. వాళ్ల మర్యాద ఆమెకు పాత లాఠీ కంటే ఎక్కువ రోత పుట్టించింది. స్కూలు అయిపోయాక అఫ్సానా కూడా వచ్చి పక్కన కూర్చుంది. మరునాడు మళ్లీ వచ్చారు. కొత్తవాడ ఆడవాళ్లు కొందరు తోడొచ్చారు. పేపర్లవాళ్లు ఫొటోలు తీశారు. ఆ వారంలోనే పేరు పెట్టారు. అప్పుడు ఆమె సంతకం చేసింది.

పాండురంగాన్ని అరెస్టు చేయలేదు. ఛాతీలో నొప్పని ప్రైవేటు దవాఖానలో చేరాడు. అక్కడ ఉండగానే ముందస్తు బెయిలు వచ్చింది. పూలగుత్తులు పట్టుకుని చూడటానికి వచ్చినవాళ్ల ఫొటోలు వాట్సప్‌లో తిరిగాయి. వాటిలో కమిషన్ సభ్యురాలు కూడా ఉంది. కేసు మాత్రం ఉంది. వాయిదా తేదీ పడింది.

అనసూర్య కూరగాయలు తీసుకుని సుల్తానా ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పింది. సుల్తానా మంచం మీద తెల్ల దుపట్టాలో కూర్చుని వింది. మొహం చిక్కింది, కానీ కళ్లు తేటగా ఉన్నాయి.

“నీకు నిమ్మళమైందా అక్కా?” అని అడిగింది.

“లేదు. అన్నం ముందట కూసుంటే వాడే యాదికొస్తాండు. పళ్లు కుట్టుకుంట నిలబడ్డడు సూడు, అదే. నీకు?”

“ఆయన కోసం ఏం అడగాల్నో ఇప్పుడు తెలుసు నాకు. గంతే.” సుల్తానా దుపట్టా సర్దుకుంది. “వాని కోసం గూడ ఒకటి అడుగుతాన. చెప్తే నువ్వు తిడ్తవ్.”

“ఏందది?”

“చావొద్దని. కోర్టుల నా మొహం చూసి ‘చూసినందుకు చంపిన’ అని చెప్పేదాక చావొద్దని.”

అనసూర్య తిట్టలేదు. లోపలినుంచి అఫ్సానా పిలిస్తే చిక్కుడుకాయలు ఒలవటానికి వంటింట్లోకి వెళ్లింది.